జానీ యునైటస్ సంతకం, దాని పక్కన హోలోగ్రామ్: దేన్ని ఎంతవరకు నమ్మాలి

జానీ యునైటస్ 2002 సెప్టెంబర్ 11న చనిపోయాడు. లెక్క ప్రకారం ఆ రోజు తర్వాత ఆయన సంతకాలు లోకంలో ఒక్కటి కూడా పెరగకూడదు, పెరక్కపోగా తగ్గాలి, ఎందుకంటే ఇల్లు మారేటప్పుడు పారేసేవి కొన్ని, బేస్‌మెంట్‌లో నీళ్ళొచ్చి పాడయ్యేవి కొన్ని, ఇదేదో పాత కాయితం అనుకుని మనవళ్ళు చింపేసేవి కొన్ని ఉంటాయి కదా. కానీ అమెరికన్ ఫుట్‌బాల్ సంతకాల మార్కెట్‌లో జరిగేది దీనికి ఉల్టా. పెద్ద ప్లేయర్ పోయాడన్న వార్త రాగానే ఆయన సంతకం ఉన్న ఫోటోలు, బంతులు, హెల్మెట్లు అమ్మకానికి పోటెత్తుతాయి. కొన్ని నిజమైనవే, ఏళ్ళ తరబడి దాచుకున్నవాళ్ళు రేటు బాగుందని బయటికి తీస్తారు. మిగతావి ఎక్కడ్నుంచి వస్తాయి, వాటిని ఎవరు ఎలా పట్టుకుంటారు, పట్టుకున్నామని చెప్పే వాళ్ళ మాటకి విలువెంత అన్నది కొంచెం చిక్కుముడి వ్యవహారం. దాన్ని విప్పడానికి యునైటస్ కంటే మంచి కేసు నాకు కనిపించలేదు, ఎందుకో కింద తెలుస్తుంది.

ముందు ఆయనెవరో తెలియనివాళ్ళ కోసం. 1933లో పిట్స్‌బర్గ్‌లో పుట్టాడు. 1955లో సొంతూరి టీమ్ స్టీలర్స్ తీసుకున్నట్టే తీసుకుని సీజన్ మొదలవ్వకముందే వదిలేసింది, దాంతో బ్లూమ్‌ఫీల్డ్ రామ్స్ అనే చిన్న టీమ్‌లో మ్యాచ్‌కి 6 డాలర్లకి ఆడాడు, 1956లో బాల్టిమోర్ కోల్ట్స్ ఏడాదికి 7,000 డాలర్లకి పిలిచింది. ఆయన క్వార్టర్‌బ్యాక్, అంటే బంతి చేతిలోకి తీసుకుని ఎవరికి విసరాలో నిర్ణయించి ఆట మొత్తం నడిపించేవాడు. 1958 డిసెంబర్ 28న న్యూయార్క్ యాంకీ స్టేడియంలో జెయింట్స్ మీద 23-17తో ఓవర్‌టైమ్‌లో గెలిచిన ఫైనల్ ఇప్పటికీ అమెరికావాళ్ళు కథలు కథలుగా చెప్పుకుంటారు, టీవీలో ఈ ఆటకి జనం అలవాటు పడింది ఆ మ్యాచ్‌తోనే అంటారు. వరసగా 47 మ్యాచుల్లో కనీసం ఒక్క టచ్‌డౌన్ పాస్ (నేరుగా స్కోరు తెచ్చిపెట్టే విసురు) అన్న ఆయన రికార్డు 2012లో డ్రూ బ్రీస్ దాటేదాకా అలాగే ఉంది. 1974లో రిటైర్ అయ్యాడు, 1979లో హాల్ ఆఫ్ ఫేమ్‌లోకి, అంటే ఈ ఆటలో గొప్పవాళ్ళ గౌరవ జాబితాలోకి వెళ్ళాడు.

ఇక అసలు సంగతి ఆయన కుడి చెయ్యి. 1968 సీజన్ ముందు జరిగిన ఒక ప్రాక్టీస్ మ్యాచ్‌లో మోచెయ్యి దగ్గర దెబ్బ తగిలింది, ఆ తర్వాత కూడా ఏళ్ళ తరబడి ఆడాడు, కానీ వయసు పెరిగేకొద్దీ ఆ చేతి వేళ్ళు మాట వినడం మానేశాయి. గోల్ఫ్ ఆడాలంటే ఎడమ చేత్తో కుడి చేతి వేళ్ళని కర్ర చుట్టూ మూసి వెల్క్రో పట్టీతో కట్టుకునేవాడు. ఒకప్పుడు ప్రపంచంలోనే బెస్ట్ అనిపించుకున్న చెయ్యి అది. వైకల్యం కింద లీగ్‌ని సాయం అడిగితే 55 ఏళ్ళ లోపే అప్లై చెయ్యాల్సింది అన్నారు, చెయ్యి పూర్తిగా పనికిరాకుండా పోయింది ఆ వయసు దాటాక. ఆ తరం ప్లేయర్లకి ఇప్పటివాళ్ళలాగా కోట్ల జీతాలు లేవు, కాబట్టి కార్డ్ షోలో, అంటే ప్లేయర్ల కార్డులూ సంతకాల వస్తువులూ అమ్మే సంతలో, టేబుల్ ముందు కూర్చుని సంతకాలు పెట్టడం అన్నది చాలామందికి సరదా పని కాదు, పెన్షన్‌కి తోడు. సంతకాలకి డబ్బు తీసుకుంటాడా, సిగ్గులేదా అని తిట్టే ఫ్యాన్స్ ఈ 7,000 డాలర్ల లెక్క ఒకసారి చూసుకుంటే బాగుంటుంది.

సరే, చేతి దెబ్బకీ సంతకం నిజమా కాదా అన్నదానికీ లింకేంటి అంటే, సంతకాన్ని పరీక్షించే వాళ్ళు ముందు చేసే పని పోల్చడం. నిజమైనవని ఖాయంగా తెలిసిన పాత సంతకాలు, చెక్కులు, కాంట్రాక్టులు లాంటివి దగ్గర పెట్టుకుని అక్షరాల సైజులు, ఒక అక్షరంలోంచి ఇంకో అక్షరంలోకి పెన్ను ఎలా జారింది, ఎక్కడ పైకి లేచింది, గీత మొదలూ చివరా సన్నబడ్డాయా లేదా చూస్తారు. మనిషి తన పేరు రాసేటప్పుడు ఆలోచించడు, వేగంగా లాగేస్తాడు. నకిలీ చేసేవాడు రాయడు, బొమ్మలా గీస్తాడు, అందుకని గీత నెమ్మదిగా, కొంచెం వణుకుతూ, చివర్లో మొద్దుగా ఆగిపోతుంది. ఇది ఈ ఫీల్డ్‌లో అందరికీ నేర్పే మొదటి సూత్రం. ఇప్పుడు వేళ్ళు సరిగ్గా ముడుచుకోని మనిషి విషయంలో ఈ సూత్రాన్ని ఎలా వాడతారు? ఆయన చివరి ఏళ్ళ సంతకంలో నెమ్మదిగా సాగిన గీత కనిపిస్తే అది నకిలీకి గుర్తు కావచ్చు, చేతి బాధకి గుర్తూ కావచ్చు. అమ్మేవాడికి కూడా ఈ కథ తెలుసు, గీత తేడాగా ఉందేంటండీ అని అడగ్గానే పాపం చెయ్యి బాలేదు కదండీ అంటాడు.

అందుకే పాత ప్లేయర్ల విషయంలో సంతకం ఏ కాలానిది అన్నది తేల్చకుండా నిజమా కాదా అని అడగడం దండగ. 1958లో మైదానం పక్కన ఒక పిల్లాడు చాపిన ప్రోగ్రామ్ పుస్తకం మీద హడావిడిగా గీకినది ఒక రకం, 1995లో టేబుల్ ముందు కుర్చీలో కూర్చుని వరసగా వందలకొద్దీ పెట్టిన వాటిల్లో ఒకటి ఇంకో రకం. ఆ రెండూ పక్కపక్కన పెడితే ఒకే మనిషివి అనిపించకపోయినా ఆశ్చర్యపడక్కర్లేదు. ఏ కాలం అన్నది తేల్చడానికి ఇంకు బాగా సాయం చేస్తుంది. షార్పీ మార్కర్ మార్కెట్‌లోకి వచ్చింది 1964లో, కాబట్టి 1958 ఫైనల్ రోజే పెట్టించుకున్నాం అని చెప్పే ప్రోగ్రామ్ మీద షార్పీ గీత ఉంటే ఇక అక్షరాలు చూడాల్సిన పనే లేదు. పాత ప్రోగ్రామ్ మీద తర్వాతెప్పుడో షార్పీతో పెట్టించుకోవడం మాత్రం మామూలే, అందులో మోసం లేదు, మోసం ఆ కథలో ఉంది.

నిజమైనది కానిదంతా ఒకే రకం కూడా కాదు. అచ్చులో వచ్చిన సంతకం ఉంటుంది, టీమ్ అందరి సంతకాలూ ముద్రించిన బంతులు అప్పట్లో బొమ్మల్లాగా అమ్మేవాళ్ళు, తాతగారి బంతి దొరికిందని మురిసిపోయేవాళ్ళలో చాలామంది దగ్గరున్నది ఇదే. భూతద్దం పెడితే గీతలు ఒకదాని మీద ఒకటి దాటిన చోట ఇంకు చిక్కబడదు, నొక్కిన గుంట ఉండదు. తర్వాత టీమ్ దగ్గర పనిచేసే కుర్రాళ్ళు ప్లేయర్ల బదులు గీసేసినవి. తర్వాత ఉత్తరాలకి సెక్రటరీయో ఇంట్లోవాళ్ళో పెట్టినవి, ఇవి పాపం ఎవర్నీ ముంచాలని చేసినవి కావు, కుప్పలుగా వచ్చిన ఉత్తరాలకి జవాబివ్వలేక చేసినవి. తర్వాత ఆటోపెన్, అంటే ఒకే సంతకాన్ని మిల్లీమీటర్ తేడా లేకుండా గీసే మెషీన్. 2017లో ఫుట్‌బాల్ ప్లేయర్ డాక్ ప్రెస్కాట్ సంతకంతో, కార్డులు అచ్చేసే పానినీ కంపెనీ ప్యాకెట్లలో వచ్చిన కొన్ని కార్డులు మెషీన్‌తో గీసినట్టున్నాయని, సంతకాలు పరీక్షించే బెకెట్ కంపెనీ వాళ్ళు సర్టిఫై చెయ్యడానికి ఒప్పుకోలేదు, కంపెనీ సీల్ వేసిన ప్యాకెట్‌లోంచి వచ్చిన కార్డునే నమ్మలేకపోతే ఇంకేం నమ్మాలి అని కలెక్టర్లు గగ్గోలు పెట్టారు. వీటన్నిటి తర్వాత అసలు దొంగలు.

దొంగల సంగతి ఆపరేషన్ బుల్‌పెన్ గురించి చెప్పకుండా అవ్వదు. 1990ల్లో శాన్‌డియాగో ఎఫ్‌బీఐ ఆఫీసు నడిపిన కేసు అది. ఆ ఊరి బేస్‌బాల్ స్టార్ టోనీ గ్విన్ తన సొంత టీమ్ షాపులోనే తన పేరుతో నకిలీ సంతకాలు అమ్ముతున్నారని గుర్తుపట్టి చెప్పాడు, చూడండి ఎంత ధైర్యమో. 1999 అక్టోబర్‌లో ఒకేసారి పదులకొద్దీ చోట్ల సోదాలు చేశారు, మొత్తం కేసు ముగిసేసరికి 60 మందికి పైగా దొరికారు. పాత బంతి అనిపించడానికి లక్కపూత పూసి, వాసన కూడా పాతగా ఉండాలని కుక్కల దాణా సంచిలో పెట్టేవాళ్ళట. మదర్ థెరిసా సంతకం చేసిన బేస్‌బాల్ కూడా దొరికింది, కలకత్తా వీధుల్లో ఆవిడకి బేస్‌బాల్ ఎవరు ఇచ్చారో, ఆవిడ ఎందుకు సంతకం పెట్టిందో కొనేవాడు ఒక్క క్షణం ఆలోచిస్తే చాలు, కానీ కొనే మూడ్‌లో ఉన్నవాడు ఆలోచించడు. ఏటా 10 కోట్ల డాలర్లకి పైగా నకిలీ సరుకు అమ్ముడవుతోందని అప్పట్లో ఎఫ్‌బీఐ అంచనా. మార్కెట్‌లో సగానికి పైగా నకిలీ అని కొందరు, 90 శాతం దాకా అని ఇంకొందరు అన్నారు. ఇక్కడ గుర్తుపెట్టుకోవాల్సిన ముక్క ఒకటుంది, ఆ ముఠా సరుకులో చాలావాటికి సర్టిఫికెట్లు కూడా ఉన్నాయి.

ఇప్పుడు సర్టిఫికెట్ల సంగతి. ఈ లోకంలో దాన్ని సీఓఏ అంటారు, ఇది అసలుదే అని హామీ ఇచ్చే కాయితం. ఎవరైనా ప్రింట్ చేసుకోవచ్చు. అమ్మేవాడు తనే రాసుకున్న సీఓఏకి విలువ ఆ కాయితం ఖరీదంతే. అందుకే బయటివాళ్ళు చూసి చెప్పే కంపెనీలు వచ్చాయి, అమెరికాలో ముఖ్యంగా మూడు పేర్లు వినిపిస్తాయి, పీఎస్ఏ, జేఎస్ఏ, బెకెట్. వస్తువు పంపితే ఫీజు తీసుకుని చూసి, నచ్చితే నంబర్ ఉన్న స్టిక్కర్ వేసి పంపిస్తాయి. కొనేవాళ్ళు ఆ స్టిక్కర్‌ని రిజిస్ట్రేషన్ ఆఫీసు దస్తావేజులాగా చూస్తారు, నిజానికి అది ఊరి పెద్దమనిషి వచ్చి ఈ పొలం వీళ్ళదేనయ్యా నాకు తెలుసు అని చెప్పిన మాటలాంటిది. పెద్దమనిషి అనుభవం ఉన్నవాడే, చాలాసార్లు కరెక్టే చెప్తాడు, కానీ అది అభిప్రాయం. ఆ కంపెనీల కాయితాల్లోనూ మా అభిప్రాయంలో అనే ఉంటుంది, ఎవరూ చదవరు. ఒక కంపెనీ కాదన్నదాన్ని ఇంకో కంపెనీకి పంపి అవుననిపించుకునే వాళ్ళు ఉన్నారు, కాదన్న విషయం ఆ రెండో స్టిక్కర్ మీద ఎక్కడా ఉండదు.

ఇందులో రెండు రకాల హామీలు కలిసిపోయి జనాన్ని తికమక పెడుతున్నాయి. ఒకటి కళ్ళారా చూసి ఇచ్చేది, ప్లేయర్ సంతకం పెడుతుంటే కంపెనీ మనిషి పక్కనే నిలబడి అక్కడికక్కడే హోలోగ్రామ్, అంటే నంబర్ ఉన్న మెరిసే స్టిక్కర్ అంటిస్తాడు. రెండోది తర్వాతెప్పుడో వస్తువు చూసి చెప్పేది. బుల్‌పెన్ దెబ్బకి మేజర్ లీగ్ బేస్‌బాల్ 2001లో మొదటి రకం పద్ధతి పెట్టుకుంది, ఇవాళ రిటైరైన పెద్ద ఫుట్‌బాల్ ప్లేయర్లు కంపెనీలతో ఒప్పందం చేసుకుని కూర్చుని పెట్టేవన్నీ ఈ రకమే. ఇప్పుడు యునైటస్ తేదీలతో పోల్చి చూడండి. పీఎస్ఏ వాళ్ళు సంతకాల విభాగం మొదలుపెట్టింది 1998లో, జేఎస్ఏ పుట్టింది 2005లో, బెకెట్ వాళ్ళ ఇప్పటి సంతకాల సర్వీసు ఇంకా తర్వాత. ఆయన పోయింది 2002లో. అంటే యునైటస్ సంతకం పక్కన జేఎస్ఏ స్టిక్కరో బెకెట్ స్టిక్కరో ఉంటే, ఆ సంతకం పెడుతుండగా ఆ కంపెనీ మనిషి చూసే అవకాశమే లేదు, వందకి వంద శాతం అది తర్వాత చూసి చెప్పిన అభిప్రాయమే. ఈ తరం క్వార్టర్‌బ్యాక్ టామ్ బ్రేడీ హెల్మెట్ మీద హోలోగ్రామ్‌నీ యునైటస్ ఫోటో మీద హోలోగ్రామ్‌నీ ఒకే కళ్ళతో చూడకూడదు అనేది ఇందుకే, చూడ్డానికి రెండూ అదే మెరుపు.

పోనీ స్టిక్కరన్నా నిజమైనదేనా? దాన్నీ కాపీ కొడతారు. 2025 జూలైలో ఇండియానా రాష్ట్రంలో ఒక వ్యాపారి మీద పోలీసులు సోదాలు చేశారు, తాను ఏళ్ళ తరబడి నకిలీ హోలోగ్రామ్‌లతో 35 కోట్ల డాలర్ల సరుకు అమ్మానని అతను సోషల్ మీడియాలో రాసుకున్నాడు. ఆ అంకె అతను చెప్పుకున్నదే, ఎంతవరకు నిజమో పక్కన పెడదాం, కానీ హోలోగ్రామ్ ఉంది కదా అని నిశ్చింతగా ఉన్నవాళ్ళకి ఆ రోజు నిద్ర పట్టి ఉండదు. నంబర్ని కంపెనీ సైట్‌లో కొట్టి చూస్తే సరిపోదా అంటే సరిపోదు, నకిలీ స్టిక్కర్ మీద నిజమైన నంబరే వేస్తారు, అది వేరే ఎవరి దగ్గరో ఉన్న అసలు వస్తువుది. అక్కడ ఫోటో కూడా ఉంటే దాంతో మీ ముందున్న వస్తువుని గీత గీతా పోల్చుకోవాలి, ఫోటో లేకపోతే ఆ నంబర్ చెప్పేది సగమే.

చట్టం ఏం చేస్తోంది అంటే, కాలిఫోర్నియా ఒకటి ప్రయత్నించింది. 2017 జనవరి నుంచి 5 డాలర్లు దాటిన ఏ సంతకం వస్తువు అమ్మినా వ్యాపారి వివరాలతో సర్టిఫికెట్ ఇవ్వాల్సిందే అన్నారు. రచయితలు సంతకం చేసిన పుస్తకాలు అమ్ముకునే షాపులవాళ్ళు లబోదిబోమన్నారు, ఒక షాపు కోర్టుకెళ్ళింది, అదే ఏడాది చట్టం మార్చి పుస్తకాలు వదిలేసి, 50 డాలర్లు దాటిన స్పోర్ట్స్, సినిమా లాంటి సరుక్కి కుదించారు. దొంగ సర్టిఫికెట్ ఇవ్వడానికి సిద్ధపడినవాడికి సర్టిఫికెట్ తప్పనిసరి అనే రూలు ఏం అడ్డం అవుతుందో నాకైతే అర్థం కాలేదు. కాకపోతే వ్యాపారి పేరూ ఊరూ రాసిన కాయితం చేతిలో ఉంటే తర్వాత దావా వెయ్యడానికి పనికొస్తుంది, అంతవరకు మేలే.

ఇంకో మెలిక, సంతకం అసలుదే అయ్యుండి వస్తువు కథ అబద్ధం అవ్వడం. న్యూయార్క్ జెయింట్స్ క్వార్టర్‌బ్యాక్ ఎలై మానింగ్ మ్యాచుల్లో వాడినవని చెప్పి అమ్మిన హెల్మెట్లు నిజంగా వాడినవి కావని ముగ్గురు కలెక్టర్లు ఆయన మీద, ఆ టీమ్ మీద కేసు వేశారు, తాము తప్పేం చెయ్యలేదని ఆయనా టీమూ అన్నారు, 2018లో విచారణ మొదలవ్వబోతుండగా బయటే రాజీ పడ్డారు. కథ అబద్ధం కాకుండానే తిరగబడిన సందర్భమూ ఉంది. 2022 మార్చిలో టామ్ బ్రేడీ చివరి టచ్‌డౌన్ బంతి అని వేలంలో ఒకరు 5,18,000 డాలర్లకి పాడుకున్నారు, మర్నాడే బ్రేడీ రిటైర్మెంట్ క్యాన్సిల్, మళ్ళీ ఆడతానన్నాడు. ఆ అమ్మకం రద్దు చెయ్యాల్సొచ్చింది. బంతి అదే బంతి, చివరిది అన్న మాటకే ఆ రేటు. అదే బ్రేడీ కొత్తలో సంతకం పెట్టిన 2000 సంవత్సరం కార్డు ఒకటి 2021లో 31 లక్షల డాలర్లకి పోయింది, అప్పుడు ఆయన్ని డ్రాఫ్ట్‌లో (టీమ్‌లు వంతులవారీగా కొత్త ప్లేయర్లని ఎంచుకునే పద్ధతి) 199వ పేరుగా తీసుకున్నారు, ఆ కార్డుని ఎవరూ పట్టించుకోలేదు.

రేట్ల గురించి కొంచెం. కార్డ్ షోలో సంతకం టికెట్‌కి ఒక్క రేటు ఉండదు. ఫోటో, కార్డు లాంటి చదును వస్తువుకి ఒక రేటు, హెల్మెట్, జెర్సీ, బంతికి ఎక్కువ రేటు. పెన్ను అదే, చెయ్యి అదే, అయినా ఎందుకు ఎక్కువ అంటే మీరు దాన్ని ఎంతకి అమ్ముకోగలరో వాళ్ళకీ తెలుసు. సంతకం కింద ఏదైనా అదనంగా రాయాలంటే మళ్ళీ డబ్బు. యునైటస్ అయితే హాల్ ఆఫ్ ఫేమ్ ఏడాది 79, బంతి పట్టుకుని పరిగెత్తడంలో పేరున్న వాల్టర్ పేటన్ అయితే ముద్దుపేరు స్వీట్‌నెస్, కింద ఆయన కెరీర్‌లో పరిగెత్తిన 16,726 గజాలు. ఈ అదనపు రాత వల్ల కొనేవాడికి ఇంకో లాభం, ఎక్కువ అక్షరాలు అంటే పోల్చడానికి ఎక్కువ సరుకు, నకిలీగాడు తప్పు చెయ్యడానికి ఎక్కువ చోట్లు.

బతికున్న రిటైర్డ్ ప్లేయర్లకైతే ఇంకో దారి ఉంది, ఉత్తరం. కార్డు, ఒక చిన్న లెటరు, స్టాంపు అంటించి మన అడ్రస్ రాసిన కవరు పెట్టి పంపడం, వస్తే వచ్చింది లేకపోతే లేదు. గ్రీన్ బే ప్యాకర్స్ బార్ట్ స్టార్ తన సంతకం కోసం వచ్చినవాళ్ళని విస్కాన్సిన్‌లో రాహైడ్ అనే పిల్లల ఆశ్రమానికి విరాళం ఇమ్మనేవాడు, 1965లో అది మొదలవ్వడానికి సాయం చేసినవాళ్ళలో ఆయనా ఆయన భార్యా ఉన్నారు. హైదరాబాద్ నుంచో విజయవాడ నుంచో ప్రయత్నించే వాళ్ళుంటే ఒక మాట, తిరుగు కవరు మీద ఇండియా స్టాంపు అక్కడ చెల్లదు, అమెరికాలో ఉన్న మేనమామో ఫ్రెండో అక్కడి స్టాంపులతో పంపడమే తేలిక. కానీ ఉత్తరంలో వచ్చిన సంతకం ఆ మనిషే పెట్టాడా అన్నది పైన చెప్పిన సెక్రటరీ సమస్యే, ఒకే ప్లేయర్ నుంచి వేరే వేరే వాళ్ళకి వచ్చినవి పోల్చుకుంటే కానీ తెలియదు.

డల్లాస్‌లోనో బాల్టిమోర్ చుట్టుపక్కలో ఉండే మనవాళ్ళు ఇలాంటి వస్తువులు ఎక్కువగా చూసేది ఛారిటీ డిన్నర్లలో. ఫ్రేమ్ కట్టి, లైటు పెట్టి, పక్కన ఒక కాయితం, మీ బిడ్ రాయండి అని. మంచి పనికే కదా అని రాసెయ్యడం తప్పు కాదు, విరాళం అనుకుని రాయండి, పెట్టుబడి అనుకుని మాత్రం వద్దు. ఫ్రేమ్‌లో అద్దం వెనకున్న సంతకాన్ని ముట్టుకుని చూడలేరు, ఇంకు మెరుపూ నొక్కుడూ కనపడవు, వెనకవైపు ఏముందో తెలియదు.

నిజంగా యునైటస్ సంతకమే కావాలనుకునేవాళ్ళకి నా సలహా మార్కెట్ ఫ్యాషన్‌కి ఎదురుగా ఉంటుంది. హెల్మెట్ జోలికి ముందే పోకండి, ఎక్కువ డబ్బున్న చోటే ఎక్కువ నకిలీ. ఒక మామూలు ఇండెక్స్ కార్డో, పాత ప్రోగ్రామో, పైన ఫలానా బిల్లీకి అని ఎవరి పేరో రాసి ఉన్నది చూడండి. పేరు రాసి ఉంటే తిరిగి అమ్మడం కష్టం అని డీలర్లు తగ్గించి ఇస్తారు, సరిగ్గా ఆ కారణానికే నకిలీ చేసేవాళ్ళు కూడా వాటి మీద పెద్దగా టైమ్ పెట్టరు. అమ్మేవాళ్ళని ఇది ఎక్కడ, ఏ ఏడాది, ఎవరు పెట్టించుకున్నారు అని అడగండి, జవాబు వచ్చాక ఆ ఏడాదికి ఆ పెన్నూ ఆ వస్తువూ కుదురుతాయా చూడండి. స్టిక్కర్ వేసే కంపెనీ ఇది అసలుది కాదంటే డబ్బు వాపస్ ఇస్తానని రాతలో ఇవ్వని దగ్గర అసలు కొనకండి.

టీమ్ పేరు కూడా చదవండి. 1984 మార్చిలో కోల్ట్స్ ఓనర్ అర్ధరాత్రి లారీల్లో సామాన్లు ఎక్కించి టీమ్‌ని బాల్టిమోర్ నుంచి ఇండియానాపోలిస్‌కి తరలించేశాడు, యునైటస్ దాన్ని ఎప్పటికీ క్షమించలేదు, తనని బాల్టిమోర్ కోల్ట్‌గానే చూడాలని, ఆ కొత్త ఊరి టీమ్‌తో తనకి సంబంధమే లేదని గట్టిగా ఉన్నాడు. కాబట్టి ఇండియానాపోలిస్ అని పెద్దక్షరాల్లో రాసున్న వస్తువు మీద ఆయన సంతకం కనిపిస్తే, పక్కన ఎన్ని స్టిక్కర్లు మెరుస్తున్నా, నేనైతే అది ఎలా వచ్చిందో పూర్తి కథ వినేదాకా పర్సు తియ్యను.